పైథాన్ ప్రోగ్రామ్‌ను పైథాన్ లేని కంప్యూటర్‌లో నడిచేలా ప్యాకేజీ చేయడం ఎలా?

"నా కంప్యూటర్‌లో చక్కగా నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఇంకొకరికి ఎలా ఇవ్వాలి?" అన్నది పైథాన్ నేర్చుకున్న ప్రతివారూ ఏదో ఒక దశలో అడిగే ప్రశ్న. దాని వెంటే మరికొన్ని వస్తాయి: డబుల్ క్లిక్ చేస్తే నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్ విండో) క్షణంపాటు కనబడి మాయమవుతోంది, యాంటీవైరస్ ఫైల్‌ను తొలగిస్తోంది, తెలుగు ఒత్తులు విడిపోయి వస్తున్నాయి. ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట సమాధానం ఉండాలన్న ఉద్దేశంతో ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

ఉదాహరణగా ఒక చిన్న ప్రోగ్రామ్‌ను తీసుకుందాం. అది పాఠశాల కార్యాలయంలోని ఎక్సెల్ జాబితాను చదివి, విద్యార్థుల పేర్లతో తెలుగులో స్టడీ సర్టిఫికెట్లను బొమ్మల రూపంలో తయారుచేస్తుంది. ఎక్సెల్ చదవడానికి ఓపెన్‌పైఎక్స్ఎల్, బొమ్మపై అక్షరాలు రాయడానికి పిల్లో, విండో చూపడానికి టికింటర్ వాడుతుంది. దాన్ని నడపవలసిన గుమాస్తాకు పైథాన్ అంటే ఏమిటో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఒక గమనిక: ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో రాయండి. హైఫన్లు, కోలన్లు, కొటేషన్ గుర్తులు మాత్రం ఇక్కడ ఉన్నవి ఉన్నట్లే ఉండాలి.

ముందుగా తేల్చుకోవలసినది: ఎవరికి ఇస్తున్నారు?

పుచ్చుకునే వ్యక్తికి పైథాన్ తెలియకపోతే ఇంటర్‌ప్రెటర్‌తో (పైథాన్ కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్‌తో) సహా అన్నీ కలిపి ఈఎక్స్ఈ రూపంలో, అంటే విండోస్‌లో నేరుగా నడిచే ఫైల్‌గా ఇవ్వాలి. అదే మొదటి మార్గం, నన్ను అడిగేవారిలో చాలామందికి కావలసినదీ అదే. పుచ్చుకునేవారు కూడా ప్రోగ్రామర్లే అయితే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకోగలిగే వీల్ ఫైల్ ఇవ్వడం మంచిది. అది రెండో మార్గం. ప్రోగ్రామ్‌ను వెబ్‌సైట్‌గా నడపడం, ఫోన్ యాప్‌గా మార్చడం వేరే విషయాలు కనుక వాటిని ఇక్కడ ముట్టుకోవడం లేదు.

కావలసినవి

- పుచ్చుకునేవారు వాడే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్. ఈఎక్స్ఈని కట్టే సాధనమైన పైఇన్‌స్టాలర్ ఏ సిస్టమ్‌పై నడిస్తే ఆ సిస్టమ్‌కే ప్యాకేజీ తయారుచేస్తుంది. లినక్స్‌లో కూర్చుని విండోస్ ఈఎక్స్ఈని తీయలేరు.
- పైథాన్ డాట్ ఆర్గ్ నుంచి దించుకున్న పైథాన్. అవతలి కంప్యూటర్ 32 బిట్లదైతే 32 బిట్ల పైథాన్‌తోనే తయారుచేయాలి. విండోస్ 7 ఉన్న పాత యంత్రమైతే 3.8 వెర్షన్‌ను మించి వెళ్లకూడదు, ఎందుకంటే 3.9 నుంచి పైథాన్ విండోస్ 7ను వదిలేసింది. ప్రభుత్వ పాఠశాలల్లో, చిన్న దుకాణాల్లో అటువంటి యంత్రాలు ఇంకా కనబడతాయి కనుక ముందే అడిగి తెలుసుకోండి.
- పంచిపెట్టే అనుమతి ఉన్న తెలుగు ఫాంట్. నోటో సాన్స్ తెలుగు వంటి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఫాంట్లను ప్రోగ్రామ్‌తో కలిపి ఇవ్వవచ్చు, అయితే లైసెన్స్ పత్రాన్ని కూడా జతచేయాలి. విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా ఫాంట్లు మైక్రోసాఫ్ట్‌వి. వాటిని కాపీ చేసి పంచకూడదు.
- పరీక్షించడానికి పైథాన్ లేని మరొక కంప్యూటర్, లేదా విండోస్ ప్రో వెర్షన్లలో ఉండే విండోస్ శాండ్‌బాక్స్ (ప్రతిసారీ కొత్తగా తెరుచుకునే తాత్కాలిక విండోస్).

చివరి అంశాన్ని ఐచ్ఛికంగా భావించకండి. మీ కంప్యూటర్‌లో ప్యాకేజీ నడవడం ఏమీ రుజువు చేయదు, ఎందుకంటే ప్యాకేజీలో లేని ఫైల్‌ను కూడా ప్రోగ్రామ్ మీ డిస్క్‌పై వెతికి తెచ్చుకోగలదు.

మొదటి మార్గం: పైఇన్‌స్టాలర్‌తో ఈఎక్స్ఈ తయారుచేయడం

1. కోడ్‌ను ప్రయాణానికి సిద్ధం చేయండి. ప్యాకేజీ విఫలమయ్యే సందర్భాల్లో చాలావాటికి మూలం పైఇన్‌స్టాలర్‌లో కాక కోడ్‌లోనే ఉంటుంది. నాలుగు చోట్ల వెతకండి.

మొదటిది ఫైల్ దారులు. ఫాంట్‌ను పేరుతో మాత్రమే తెరిస్తే పైథాన్ దాన్ని ప్రస్తుత ఫోల్డర్‌లో వెతుకుతుంది, ఆ ప్రస్తుత ఫోల్డర్ ప్రోగ్రామ్‌ను ఎక్కడి నుంచి ప్రారంభించారన్న దానిపై ఆధారపడి మారుతూ ఉంటుంది. అందువల్ల ప్రతి ఫైల్ దారినీ కోడ్ ఫైల్ ఉన్న చోటు నుంచి, అంటే అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు ఉండే ‘ఫైల్’ అనే చలరాశి నుంచి లెక్కించండి. ఈ పద్ధతి మామూలు కోడ్‌లోనూ, పైఇన్‌స్టాలర్ కట్టిన ప్యాకేజీలోనూ ఒకేలా పనిచేస్తుంది. మీ వినియోగదారు పేరుతో మొదలయ్యే పూర్తి దారి కోడ్‌లో ఎక్కడైనా కనబడితే వెంటనే తీసివేయండి.

రెండోది ఎన్‌కోడింగ్. తెలుగు పాఠం ఉన్న ఫైల్‌ను తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయండి. లినక్స్‌లో అది రాయకపోయినా నడుస్తుంది, కానీ విండోస్‌లో పైథాన్ ఆ యంత్రపు ప్రాంతీయ ఎన్‌కోడింగ్‌ను తీసుకుంటుంది కనుక తెలుగు అక్షరం రాగానే యూనికోడ్ లోపంతో ఆగిపోతుంది, లేదా పిచ్చి గుర్తులు చూపిస్తుంది. 3.15 వెర్షన్‌తో యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని పైథాన్ బృందం నిర్ణయించింది, అయినా పాత వెర్షన్లు చాలాకాలం వాడుకలో ఉంటాయి కనుక రాయడమే క్షేమం. ఎక్సెల్‌లో నేరుగా తెరవబోయే సీఎస్‌వీ ఫైల్‌ను మాత్రం ‘యూటీఎఫ్-8-సిగ్’ అనే పేరుతో రాయండి. అది ఫైల్ మొదట్లో యూటీఎఫ్-8 అని తెలిపే ఒక గుర్తు చేరుస్తుంది, ఆ గుర్తు లేకపోతే ఎక్సెల్ తెలుగును గుర్తించకపోవచ్చు.

మూడోది ఫలితాలను రాసే చోటు. తయారైన సర్టిఫికెట్లను ప్రోగ్రామ్ ఫోల్డర్ లోపల రాయకండి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మామూలు వినియోగదారుకు రాసే అనుమతి ఉండదు. ఒకే ఫైల్‌గా కట్టిన ప్యాకేజీ అయితే అది తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పుకొని నడుస్తుంది, ప్రోగ్రామ్ మూయగానే ఆ ఫోల్డర్‌తోపాటు అందులో రాసినవన్నీ పోతాయి. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఒక ఉపఫోల్డర్ చేసి అక్కడ రాయండి, లేదా ఎక్కడ దాచాలో వినియోగదారునే అడగండి.

నాలుగోది లోపాల నమోదు. నల్ల తెర లేకుండా నడిచే ప్రోగ్రామ్‌లో తప్పు జరిగితే చూపడానికి చోటే ఉండదు. లాగింగ్ మాడ్యూల్‌తో ప్రతి లోపాన్నీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోని ఒక ఫైల్‌లో రాయించండి. "పనిచేయడం లేదు" అని ఫోన్ వచ్చినప్పుడు ఆ ఫైల్ పంపమని అడగడం తప్ప మీకు వేరే ఆధారం ఉండదు.

2. ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టుకు మాత్రమే చెందిన లైబ్రరీలు ఉండే విడి పైథాన్ ఫోల్డర్) తీసుకోండి. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఈ ఆదేశం ఇవ్వండి:

పైథాన్ -ఎం వెన్వ్ ఎన్వ్

తరువాత ‘ఎన్వ్’ లోపలి స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని ‘యాక్టివేట్’ను నడిపి, ప్రోగ్రామ్‌కు నిజంగా కావలసిన లైబ్రరీలను, పైఇన్‌స్టాలర్‌ను మాత్రమే పిప్‌తో ఇన్‌స్టాల్ చేయండి. ఏళ్లుగా పోగుపడిన లైబ్రరీలున్న పైథాన్‌తోనో, అనకొండాతోనో ప్యాకేజీ కడితే ఏదో ఒక లైబ్రరీ ఐచ్ఛికంగా పిలిచే మరో పెద్ద లైబ్రరీ కూడా లోపలికి వచ్చి చేరుతుంది. "చిన్న ప్రోగ్రామ్‌కు వందల మెగాబైట్లు ఎందుకు?" అని అడిగేవారు ముందుగా చూడవలసినది ఇక్కడే.

సరిచూసుకోవడం: ‘వేర్ పైథాన్’ అని అడిగితే మొదటి వరుసలో మీ ‘ఎన్వ్’ ఫోల్డర్ దారి రావాలి. తరువాత ప్రోగ్రామ్‌ను ఈ ఎన్విరాన్‌మెంట్‌లోనే ఒకసారి మామూలుగా నడపండి. ఇక్కడ నడవనిది ప్యాకేజీగా మారాక నడవదు. మీ ఫైల్‌కు ఏదో ఒక లైబ్రరీ పేరే పెట్టి ఉంటే దాన్నీ ఇప్పుడే మార్చండి, లేకపోతే అసలు లైబ్రరీకి బదులు మీ ఫైలే దిగుమతి అవుతుంది.

3. తెలుగు ఒత్తుల సంగతి ఇప్పుడే చూడండి. విండోలో లేబుళ్లపై తెలుగును విండోస్ తానే సరిగా కూరుస్తుంది. బొమ్మపై పిల్లోతో రాసేటప్పుడు మాత్రం అక్షరాలను కూర్చే పని రాక్మ్ అనే లైబ్రరీది, రాక్మ్‌కు ఫ్రిబిడి అనే మరో లైబ్రరీ కావాలి. పిప్‌తో వచ్చే పిల్లోలో రాక్మ్ ఉంటుంది గానీ, ఫ్రిబిడిని అది నడిచే సమయంలో సిస్టమ్‌లో వెతుక్కుంటుంది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఫ్రిబిడి సాధారణంగా ముందే ఉంటుంది, విండోస్‌లో ఉండదు. అందువల్లనే లినక్స్‌లో సరిగా వచ్చిన ‘శ్రీ’, ‘క్ష్మి’ వంటివి విండోస్‌లో పొల్లులుగా, విడి అక్షరాలుగా చీలిపోతాయి. దీనికి ఫాంట్‌ను తప్పుపట్టి ఎన్ని ఫాంట్లు మార్చినా ప్రయోజనం ఉండదు.

చేయవలసినది ఇది: విండోస్‌కు సంకలనం చేసిన ఫ్రిబిడి డీఎల్ఎల్‌ను (విండోస్‌లో లైబ్రరీ ఫైల్ రూపం), మీ పైథాన్ 64 బిట్లదైతే 64 బిట్లదే, నమ్మదగిన చోటు నుంచి తెచ్చి ప్రాజెక్టులో ఉంచండి. పైఇన్‌స్టాలర్ దాన్ని తనంతట తాను కనిపెట్టలేదు కనుక ‘--యాడ్-బైనరీ’ అనే ఆప్షన్‌తో మనమే చేర్చాలి. సరిచూసుకోవడానికి పిల్లోలోని ‘ఫీచర్స్’ మాడ్యూల్‌లో ‘చెక్’ అనే ఫంక్షన్‌ను ‘రాక్మ్’ అన్న పేరుతో పిలవండి. ప్రోగ్రామ్ ప్రారంభంలోనే ఇలా పిలిచి, లేదని సమాధానం వస్తే వినియోగదారుకు చెప్పి ఆగిపోయేలా రాయడం మంచిది, ఎందుకంటే ఒత్తులు విడిపోయిన సర్టిఫికెట్లు నూరు ముద్రించాక తెలుసుకోవడం కన్నా అది నయం. ప్రత్యామ్నాయం కూడా ఉంది: సర్టిఫికెట్‌ను హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి బ్రౌజర్‌లో తెరిపిస్తే కూర్పు పని మొత్తం బ్రౌజరే చూసుకుంటుంది. నిక్కచ్చిగా స్థానాలు అవసరం లేని పత్రాలకు నేను దీన్నే సూచిస్తాను.

4. మొదటి ప్యాకేజీని ఫోల్డర్ రూపంలో, నల్ల తెరతోనే కట్టండి.

పైఇన్‌స్టాలర్ --వన్‌డిర్ --నేమ్ పత్రం --యాడ్-డేటా "ఫాంట్స్:ఫాంట్స్" --యాడ్-బైనరీ "ఫ్రిబిడి.డీఎల్ఎల్:." మెయిన్.పీవై

కొటేషన్లలో కోలన్‌కు ముందున్నది మీ ప్రాజెక్టులోని చోటు, తరువాత ఉన్నది ప్యాకేజీలో చేరవలసిన చోటు. చుక్క అంటే ప్యాకేజీ మూల ఫోల్డర్. 6.0కు ముందు వెర్షన్లలో విండోస్‌పై కోలన్ స్థానంలో సెమీకోలన్ వాడేవారు, పాత పాఠాలను చూసి రాసేవారు ఇక్కడ తడబడుతుంటారు.

పని ముగిశాక ‘బిల్డ్’, ‘డిస్ట్’ అనే రెండు ఫోల్డర్లు, ఒక స్పెక్ ఫైల్ వస్తాయి. పంచవలసినది ‘డిస్ట్’ లోపలిది మాత్రమే. ‘బిల్డ్’ లోపల కూడా ఒక ఈఎక్స్ఈ కనబడుతుంది, దాన్ని పంపితే అవతల ఏదీ నడవదు. స్పెక్ ఫైల్‌లో మీరిచ్చిన ఆప్షన్లన్నీ నమోదై ఉంటాయి కనుక దాన్ని జాగ్రత్త చేసుకొని, రెండోసారి నుంచి పైఇన్‌స్టాలర్‌కు ఆ ఫైల్ పేరు ఇస్తే సరిపోతుంది. మళ్లీ మెయిన్ ఫైల్ పేరుతో ఆదేశమిస్తే మీరు స్పెక్‌లో చేసిన మార్పులు చెరిగిపోతాయి.

5. కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపి, లోపాలను చదవండి. డబుల్ క్లిక్ చేస్తే లోపం చదివేలోగా తెర మూసుకుపోతుంది. అందుకే ముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ‘డిస్ట్’ లోపలి ఫోల్డర్‌కు వెళ్లి, ఈఎక్స్ఈ పేరు టైపు చేసి నడపండి. ఎక్కువగా వచ్చే లోపాలు ఇవి:

- మాడ్యూల్ దొరకలేదు అని వస్తే, ఆ మాడ్యూల్‌ను ఏదో లైబ్రరీ పేరు చూసి నడిచే సమయంలో పిలుస్తోందని అర్థం. పైఇన్‌స్టాలర్ ఇంపోర్ట్ వాక్యాలను చదివి జాబితా తయారుచేస్తుంది కనుక అటువంటివి దాని కంటపడవు. ‘--హిడెన్-ఇంపోర్ట్’ తరువాత ఆ మాడ్యూల్ పేరు చేర్చి మళ్లీ కట్టండి.
- ఫైల్ దొరకలేదు అని వస్తే, ఆ దారి మీ ఫైల్‌దైతే ఒకటో దశకు వెళ్లండి. లైబ్రరీకి చెందిన ఫైల్ అయితే ‘--కలెక్ట్-డేటా’, అది చాలకపోతే ‘--కలెక్ట్-ఆల్’ తరువాత లైబ్రరీ పేరు ఇవ్వండి.
- ఒకే విండో మళ్లీ మళ్లీ తెరుచుకుంటూ పోతే, ప్రోగ్రామ్ మల్టీప్రాసెసింగ్ వాడుతోందని అర్థం. మెయిన్ భాగం మొదటి వరుసలోనే ‘ఫ్రీజ్_సపోర్ట్’ను పిలవాలి.

‘బిల్డ్’ ఫోల్డర్‌లో ‘వార్న్’ అని మొదలయ్యే ఒక పాఠ్య ఫైల్ ఉంటుంది. అందులోని పొడవాటి జాబితా చూసి కంగారుపడకండి. లినక్స్‌కో మ్యాక్‌కో చెందిన మాడ్యూళ్లు విండోస్‌లో లేవని చెప్పే వరుసలే అందులో ఎక్కువ. మీ ప్రోగ్రామ్ నిజంగా వాడే పేరు ఉందేమో మాత్రం వెతకండి.

6. పైథాన్ లేని యంత్రంలో పరీక్షించండి. ‘డిస్ట్’ లోపలి ఫోల్డర్‌ను మొత్తంగా శాండ్‌బాక్స్‌లోకి గానీ, వేరే కంప్యూటర్‌లోకి గానీ కాపీ చేసి ఈ పనులన్నీ చేయండి:

- ప్రోగ్రామ్‌లోని ప్రతి బటన్‌నూ నొక్కండి. కొన్ని మాడ్యూళ్లు ఆ బటన్ నొక్కినప్పుడే దిగుమతి అవుతాయి కనుక విండో తెరుచుకున్నంత మాత్రాన పరీక్ష పూర్తయినట్లు కాదు.
- ఫోల్డర్‌ను ఖాళీలు, తెలుగు అక్షరాలు ఉన్న పేరు గల చోటుకు మార్చి మళ్లీ నడపండి.
- ‘లక్ష్మీనారాయణ’, ‘స్వాతంత్ర్య’, ‘కృష్ణ’ వంటి సంయుక్తాక్షరాలున్న పేర్లతో సర్టిఫికెట్ తీసి, దాన్ని కళ్లతో చదివి చూడండి.
- ఇంటర్నెట్ ఆపి, అడ్మినిస్ట్రేటర్ కాని ఖాతా నుంచి కూడా నడపండి.
- ఖాళీ ఎక్సెల్ ఫైల్ ఇచ్చి, లాగ్ ఫైల్‌లో లోపం నమోదైందో లేదో చూడండి.

మీ ప్రోగ్రామ్ గౌతమి ఫాంట్‌పై ఆధారపడి ఉంటే అది ఈ పరీక్షలోనే బయటపడుతుంది. విండోస్ 10లో తెలుగు భాషను చేర్చుకోని యంత్రాల్లో ఆ ఫాంట్ ఉండదు.

7. ఇప్పుడు నల్ల తెరను తీసివేయండి. పైన చెప్పినవన్నీ సరిగా నడిచాకనే ‘--విండోడ్’ చేర్చి మళ్లీ కట్టండి. ఈ రూపంలో ప్రింట్ చేసినదేదీ కనబడదు, ‘ఇన్‌పుట్’ ఫంక్షన్‌ను పిలిస్తే లోపం వస్తుంది, స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు నేరుగా రాసే లైబ్రరీలూ ఆగిపోతాయి. "తెర ఉంటే నడుస్తోంది, తీస్తే నడవడం లేదు" అనే ఫిర్యాదుకు సాధారణ కారణం ఇదే. ఐకాన్ కావాలంటే ‘--ఐకాన్’ తరువాత ఐసీఓ ఫైల్ పేరు ఇవ్వండి.

8. ఒకే ఫైల్ కావాలా అని ఆలోచించండి. ‘--వన్‌ఫైల్’ ఇస్తే అంతా ఒక్క ఈఎక్స్ఈలో ఇమిడిపోతుంది, చూడటానికి బాగుంటుంది. కానీ ప్రారంభించిన ప్రతిసారీ అది తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పుకోవాలి కనుక పాత యంత్రాల్లో తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఇలా తనను తాను విప్పుకొని నడవడం చెడ్డ ప్రోగ్రాములు కూడా చేసే పనే కాబట్టి యాంటీవైరస్‌లు దాన్ని అనుమానించే అవకాశం ఎక్కువ. నా అభిప్రాయంలో కార్యాలయాలకు ఇచ్చే ప్రోగ్రాములకు ఫోల్డర్ రూపమే మేలు.

యాంటీవైరస్ అభ్యంతరం చెబితే దాన్ని ఆపేయమని వినియోగదారుకు ఎప్పుడూ చెప్పకండి. పైఇన్‌స్టాలర్‌ను తాజా వెర్షన్‌కు మార్చి కట్టండి, యూపీఎక్స్ (ఈఎక్స్ఈ ఫైళ్లను చిన్నవి చేసే సాధనం) కుదింపు వాడుతుంటే మానండి, అప్పటికీ తగ్గకపోతే ఆ యాంటీవైరస్ సంస్థకు పొరపాటు గుర్తింపు అని ఫైల్ పంపి నివేదించండి. ప్రోగ్రామ్‌ను ఎక్కువమందికి ఇవ్వబోతుంటే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కొనడం సరైన పద్ధతి, అది లేని ఈఎక్స్ఈని ఇంటర్నెట్ నుంచి దించుకున్నప్పుడు విండోస్ స్మార్ట్‌స్క్రీన్ హెచ్చరిక చూపడం మామూలే.

రహస్యాల విషయంలో ఒక హెచ్చరిక: ఈఎక్స్ఈగా మార్చినంత మాత్రాన కోడ్ దాగదు. లోపలి పైథాన్ బైట్‌కోడ్‌ను బయటకు తీసే సాధనాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, పైఇన్‌స్టాలర్‌లో ఒకప్పుడు ఉన్న ఎన్‌క్రిప్షన్ ఆప్షన్‌ను కూడా 6.0లో తొలగించారు. డేటాబేస్ పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు కోడ్‌లో ఉంచి పంచితే వాటిని బహిరంగంగా రాసినట్లే.

9. పంపండి. ఫోల్డర్‌ను జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో గానీ, డ్రైవ్ లింకుగా గానీ ఇవ్వండి. జీమెయిల్ ఈఎక్స్ఈలను, జిప్ లోపల పెట్టినా సరే, అడ్డుకుంటుంది. జిప్‌తోపాటు "ముందు ఎక్స్‌ట్రాక్ట్ చేయండి" అన్న సూచన తప్పకుండా పంపండి. జిప్ లోపల నుంచే డబుల్ క్లిక్ చేస్తే ఈఎక్స్ఈ ఒక్కటే విడిగా విప్పబడి, దాని పక్కన ఉండవలసిన ‘_ఇంటర్నల్’ ఫోల్డర్ లేక పైథాన్ డీఎల్ఎల్ దొరకలేదన్న లోపం వస్తుంది. ఈఎక్స్ఈని మాత్రమే డెస్క్‌టాప్‌పైకి లాగినా ఇదే జరుగుతుంది, అక్కడ షార్ట్‌కట్ పెట్టాలి. ఈ రెండు ఇబ్బందులూ వద్దనుకుంటే ఇన్నో సెటప్ అనే సాధనంతో ఇన్‌స్టాలర్ తయారుచేయండి, షార్ట్‌కట్‌ను, అన్‌ఇన్‌స్టాల్ సౌకర్యాన్ని అదే చూసుకుంటుంది.

ఫైల్ చెడిపోకుండా చేరిందో లేదో చూడటానికి ‘సర్ట్‌యూటిల్ -హ్యాష్‌ఫైల్’ తరువాత ఫైల్ పేరు, ‘షా256’ అని ఇవ్వండి. రెండు వైపులా వచ్చిన అంకెలు, అక్షరాలు ఒకటే కావాలి.

రెండో మార్గం: పైథాన్ ఉన్నవారికి వీల్ ఫైల్

1. ఫోల్డర్లను అమర్చండి. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ‘ఎస్ఆర్‌సీ’ అనే ఫోల్డర్, దానిలో ప్యాకేజీ పేరుతో మరో ఫోల్డర్, దానిలో కోడ్, ఫాంట్లు ఉంచండి. అండర్‌స్కోర్లతో రాసే ‘ఇనిట్’ ఫైల్‌ను ఖాళీగానైనా చేర్చండి.

2. పైప్రాజెక్ట్ టామల్ ఫైల్ రాయండి. ఇంటర్నెట్‌లో దొరికే పాత పాఠాలు సెటప్ ఫైల్‌ను, డిస్ట్‌యూటిల్స్‌ను చూపిస్తాయి. 2023లో వచ్చిన పైథాన్ 3.12 నుంచి డిస్ట్‌యూటిల్స్ లేనేలేదు కనుక వాటిని అనుసరించకండి. టామల్ ఫైల్‌లోని ‘ప్రాజెక్ట్’ విభాగంలో పేరు, వెర్షన్, కావలసిన కనీస పైథాన్ వెర్షన్, ఆధారపడే లైబ్రరీల జాబితా ఇవ్వండి. జాబితాలో పిప్‌కు చెప్పే పేరు రాయాలి, ఇంపోర్ట్‌లో రాసే పేరు కాదు. పిల్లోను కోడ్‌లో ‘పిల్’ అని దిగుమతి చేసుకుంటాం, జాబితాలో మాత్రం ‘పిల్లో’ అనే ఉండాలి. ‘ప్రాజెక్ట్.స్క్రిప్ట్స్’ విభాగంలో ఒక ఆదేశం పేరు, అది పిలవవలసిన ఫంక్షన్ రాస్తే ఇన్‌స్టాల్ చేసినవారు ఆ పేరు టైపు చేసి ప్రోగ్రామ్‌ను నడపగలుగుతారు.

3. ఫాంట్లను ప్రకటించండి. సెటప్‌టూల్స్ మీ పైథాన్ ఫైళ్లను తానే తీసుకుంటుంది, టీటీఎఫ్ ఫైళ్లను మాత్రం ‘ప్యాకేజ్-డేటా’ విభాగంలో చెబితే గానీ తీసుకోదు. ఈ మార్గంలో అత్యధికంగా జరిగే పొరపాటు ఇదే.

4. కట్టండి, విప్పి చూడండి. పిప్‌తో ‘బిల్డ్’ను ఇన్‌స్టాల్ చేసి ‘పైథాన్ -ఎం బిల్డ్’ అని ఇస్తే ‘డిస్ట్’ ఫోల్డర్‌లో ఒక టార్ ఫైల్, ఒక వీల్ ఫైల్ వస్తాయి. వీల్ అనేది జిప్ ఫైలే కనుక ఏ జిప్ సాధనంతోనైనా తెరిచి ఫాంట్లు లోపల ఉన్నాయో లేదో చూడండి. పేరు చివర ‘పై3-నన్-ఎనీ’ అని ఉంటే అది అన్ని సిస్టమ్‌లకూ పనికివస్తుంది.

5. కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో, ప్రాజెక్టు ఫోల్డర్‌కు బయట పరీక్షించండి. ‘ఎస్ఆర్‌సీ’ ఫోల్డర్ లోపలే నిలబడి పరీక్షిస్తే పైథాన్ ఇన్‌స్టాల్ అయిన ప్రతిని వదిలి మీ కోడ్‌నే దిగుమతి చేసుకొని, లేని ఫైల్‌ను ఉన్నట్లు చూపే ప్రమాదముంది.

6. పంచండి. నలుగురికే ఇవ్వాలంటే వీల్ ఫైల్ పంపితే చాలు, వారు పిప్ ఇన్‌స్టాల్ తరువాత ఆ ఫైల్ పేరు ఇస్తారు. అవతల ఇంటర్నెట్ లేకపోతే అదే సిస్టమ్, అదే పైథాన్ వెర్షన్ ఉన్న చోట ‘పిప్ డౌన్‌లోడ్’తో అన్ని వీల్ ఫైళ్లనూ ఒక ఫోల్డర్‌లోకి దించి, అవతల ‘--నో-ఇండెక్స్’, ‘--ఫైండ్-లింక్స్’ ఆప్షన్లతో ఆ ఫోల్డర్ నుంచే ఇన్‌స్టాల్ చేయించండి.

అందరికీ అందించాలంటే పిప్ లైబ్రరీలను తెచ్చుకునే బహిరంగ భాండాగారమైన పైపీఐకి ఎక్కించాలి. ముందు టెస్ట్ పైపీఐలో అభ్యాసం చేయండి, దానికి ఖాతా వేరుగా తెరవాలి. ట్వైన్ అనే సాధనాన్ని పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకొని, ‘ట్వైన్ చెక్’తో ఫైళ్లను పరీక్షించి, ‘ట్వైన్ అప్‌లోడ్’తో ఎక్కించండి. పైపీఐ 2024 నుంచి రెండంచెల ధ్రువీకరణను తప్పనిసరి చేసింది, ఎక్కించడానికి పాస్‌వర్డ్ పనిచేయదు, ఖాతాలో ఏపీఐ టోకెన్ తీసుకోవాలి. టెస్ట్ పైపీఐ నుంచి ఇన్‌స్టాల్ చేసి చూసేటప్పుడు మీ ప్యాకేజీ ఆధారపడే లైబ్రరీలు అక్కడ లేక లోపం రావచ్చు, వాటిని ముందుగా అసలు పైపీఐ నుంచి ఇన్‌స్టాల్ చేసుకోండి.

ఒకసారి ఎక్కించిన ఫైల్ పేరుతో మళ్లీ ఎక్కించడం కుదరదు, తొలగించినా సరే. చిన్న సవరణకైనా వెర్షన్ సంఖ్య పెంచవలసిందే. తప్పుగా వెళ్లిన వెర్షన్‌ను తొలగించే బదులు ‘యాంక్’ చేయండి. అప్పుడు కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవారికి అది అందదు, కచ్చితంగా ఆ వెర్షన్‌నే కోరుకున్నవారి పని మాత్రం ఆగదు.

డెబియన్ 12, ఈమధ్య ఉబుంటు వెర్షన్లలో పిప్ నేరుగా ఇన్‌స్టాల్ చేయడానికి నిరాకరించి, ఎన్విరాన్‌మెంట్ బయటి నిర్వహణలో ఉందని చెబుతుంది. దాన్ని బలవంతంగా దాటించే ఆప్షన్ ఉంది గానీ సిస్టమ్ పైథాన్‌ను పాడుచేసే అవకాశం ఉంది కనుక దాన్ని సూచించకండి, ప్రతి ప్రోగ్రామ్‌నూ దాని సొంత ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ చేసే పైప్‌ఎక్స్ వాడమని చెప్పండి.

ఈ రెండింటి మధ్య ఇంకొకటి

అవతల పైథాన్ ఉండి, మీ ప్రోగ్రామ్ పూర్తిగా పైథాన్‌లోనే రాసిన లైబ్రరీలు మాత్రమే వాడుతుంటే, పైథాన్‌తోనే వచ్చే ‘జిప్‌యాప్’ మాడ్యూల్ మొత్తాన్ని ఒక్క పీవైజడ్ ఫైల్‌గా చేసి ఇస్తుంది. సర్వర్లపై నడిపే చిన్న స్క్రిప్టులకు ఇది చాలా అనువైనది. పిల్లో వంటి, సీ భాషలో సంకలనమైన భాగాలున్న లైబ్రరీలు జిప్ లోపల నుంచి నడవవు కనుక మన ఉదాహరణకు ఇది పనికిరాదు.

కొత్త వెర్షన్ ఇచ్చేటప్పుడు

వెర్షన్ సంఖ్యను విండో శీర్షికలోనూ, లాగ్ ఫైల్ మొదటి వరుసలోనూ కనబడేలా రాయండి, జిప్ ఫైల్ పేరులోనూ ఉంచండి. ఫోల్డర్ రూపంలో ఇచ్చినవారు పాత ఫోల్డర్‌పైనే కొత్తదాన్ని విప్పవద్దని చెప్పాలి, ఎందుకంటే పాత లైబ్రరీల ఫైళ్లు కొన్ని అక్కడే మిగిలిపోయి, కొత్తవాటితో కలిసి వేరెక్కడా రాని లోపాలను తెస్తాయి. పాత ఫోల్డర్‌ను తొలగించి కొత్తది విప్పడమే సరైన పద్ధతి. ఒకటో దశలో ఫలితాలను డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో రాయమన్నందువల్ల ఇలా తొలగించినా గుమాస్తా తయారుచేసుకున్న సర్టిఫికెట్లు ఎక్కడికీ పోవు. కట్టినప్పుడు వాడిన లైబ్రరీల వెర్షన్లను ‘పిప్ ఫ్రీజ్’తో ఒక ఫైల్‌లో దాచి, స్పెక్ ఫైల్ పక్కనే ఉంచుకోండి. ఆరు నెలల తరువాత ఒక్క అక్షరదోషం సవరించవలసి వచ్చినా అవే వెర్షన్లతో మళ్లీ కట్టగలుగుతారు.